శుక్రవారం ఆముదం

మార్కాపురం చరిత్ర రాసిన పెద్దలు చెన్నకేశవస్వామి గుడి గురించి రాశారు. భూమిలో పొరలు పొరలుగా దొరికే పలకల రాయి గురించి రాశారు. కర్నూలు జిల్లాలో ఉన్న తాలూకాలను తెచ్చి ప్రకాశం జిల్లాలో కలిపిన వైనం గురించి కూడా రాశారు. రసూల్ శుక్రవారం ఆముదం గురించి మాత్రం ఏ పుస్తకంలోనూ ఒక్క వాక్యం లేదు. రాబోయే తరాలు ఈ లోపాన్ని ఎట్లా క్షమిస్తాయో తెలియదు కాబట్టి, అందిన మేరకు ఇక్కడ నమోదు చేయడమైనది.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, జుమ్మా నమాజుకు పోయే ముందు, రసూల్ ఇంటి ముందర పీట వేసుకుని తన ఎజ్డీ మోటారు సైకిలుకు ఎడమవైపున కూర్చుంటాడు. పాత దగ్గు మందు సీసాలో ఆముదం ఉంటుంది. అందులో కోడి ఈక ముంచి, కిక్కు రాడ్డు ఇంజనులోంచి బయటికి వచ్చే చోట మూడు చుక్కలు వేస్తాడు. నాలుగో చుక్క వేయడు. తర్వాత రాడ్డును పసిపిల్ల కాలు పట్టుకున్నట్టు పట్టుకుని అటూ ఇటూ రెండుసార్లు ఆడిస్తాడు. ఎన్నికలు వచ్చాయి, పోయాయి. కరోనా వచ్చి మసీదు తలుపులు మూసుకున్న రోజుల్లో నమాజు ఇంట్లోనే చేసుకున్నాడు గానీ ఆముదం మాత్రం వీధిలోనే వేశాడు.

ఈ ఆచారానికి మూలపురుషుడు రసూల్ తండ్రి దస్తగిరి. ఆయన మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషనుకూ ఊరికీ మధ్య జట్కా తోలేవాడు. జట్కాకు ప్రాణం ఇరుసు, ఇరుసుకు ప్రాణం ఆముదం. "శుక్రవారం తిండి మానితే మానురా, ఇరుసుకు ఆముదం మానొద్దు" అని ఆయన కొడుకుకు చెప్పాడు. ఆటోలు వచ్చి జట్కా పోయింది. గుర్రం పోయింది. కొన్నాళ్లకు దస్తగిరి కూడా పోయాడు. మాట మిగిలింది, సీసా మిగిలింది, వేయడానికి ఇరుసు లేదు.

రసూల్ పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద చేరాడు. ఆ ఫ్యాక్టరీ యజమాని ప్రభాకరరావు కారు కొనుక్కున్నప్పుడు, తన పాత ఎజ్డీని నమ్మకస్థుడైన రసూల్‌కు ఇచ్చేశాడు. బండి ఇంటికి వచ్చిన మొదటి శుక్రవారమే రసూల్ సీసా పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు. చక్రాల ఇరుసులు మూతలు బిగించుకుని కూర్చున్నాయి. ఎక్కడా సందు లేదు. చివరికి కిక్కు రాడ్డు దగ్గర ఒక కడ్డీ ఇంజనులోంచి బయటికి వచ్చి కనిపించింది. ఇరుసు దొరికింది.

ఎజ్డీ తెలియని వారికి ఒక మాట. అన్ని బండ్లకూ కిక్కు కొట్టే రాడ్డు ఒకటి, గేరు వేసే రాడ్డు ఒకటి ఉంటాయి. దీనికి రెండూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. కొట్టి వదిలితే అదే తిరిగి ముందుకు వచ్చి గేరు అవుతుంది. రసూల్‌కు ఈ పొదుపు మహా నచ్చింది.

అతను గమనించని సంగతి ఒకటుంది. బండి పగలంతా కోత మిషను పక్కనే నిలబడుతుంది. రాయి కోసినప్పుడు లేచే పొడి మనిషి కనుబొమల మీద ఎంత పడుతుందో, బండి మీదా అంతే పడుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మనిషీ బండీ ఒకే రంగులో ఉండేవారు. మనిషి స్నానం చేసేవాడు. బండి ఆముదం పూసుకునేది.

"బండికి పోసే ఆముదం నా తలకు పోసుంటే, జుట్టు ఈపాటికి మోకాళ్ల దాకా వచ్చుండేది" అనేది అతని భార్య జహరాబీ.

"నీ తల దినామూ తిరగతానే ఉంటాది. దానికి ఆముదం ఎందుకు?" అనేవాడు రసూల్.

కిందటి చలికాలం నుంచి కిక్కు బరువెక్కింది. బస్టాండు దగ్గరి మెకానిక్కు జమీర్ రాడ్డు ఒకసారి ఆడించి చూసి, "చాచా, ఇది ఇప్పి కడగాల. ఒక పూట బండి నాకాడ వదిలిపెట్టు" అన్నాడు. రసూల్ ఆ మాటను అవమానంగా తీసుకున్నాడు. ఇంజను విప్పించుకోవడమంటే తన సేవలో ఏదో లోటు జరిగిందని ఒప్పుకోవడమే. అతను ఇంటికి వచ్చి బాగా ఆలోచించి, మోతాదు పెంచాడు. మూడు చుక్కలు ఐదయ్యాయి. శుక్రవారానికి తోడు సోమవారం కూడా కలిసింది. కిక్కు ఇంకా బరువెక్కింది. మోతాదు ఇంకా పెరిగింది.

వైద్యం ఈ దశలో ఉండగా డీఎస్సీ పరీక్ష వచ్చింది.

పరీక్ష రసూల్ కూతురు షాహీన్‌ది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, ఆ పైన బీఎడ్ చేసి, ఒక ప్రైవేటు బళ్లో పాఠాలు చెబుతూ ఆమె ఏడేళ్లు ఆ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసింది. ఆ ఏడేళ్లలో ఆమె తోటివాళ్లు కొందరు వేరే పనుల్లో కుదురుకున్నారు, కొందరు చదవడం మానేశారు. షాహీన్ మానలేదు. సర్కారు బడి టీచరు కావాలన్నది ఆమెకు ఉన్న ఒకే ఒక్క పట్టుదల. సెంటరు గిద్దలూరు అవతల ఒక కాలేజీలో పడింది. తొమ్మిదికి గేటు మూస్తారు. తర్వాత ఎవరు ఏడ్చినా తెరవరు.

ముందురోజు సాయంత్రం ఇంట్లో సభ జరిగింది.

"పొద్దున బస్సుంది. దాంట్లో పోతాది" అంది జహరాబీ.

"బస్సు రాకుంటే?" అన్నాడు రసూల్.

"ఎందుకు రాదు? దినామూ వస్తానే ఉంది గదా."

"దారిలో టైరు పగిలితే?"

"నీ బండి ఏమన్నా టైర్లు లేకుండా పోతాదా?"

"నా బండికి ఏమన్నా అయితే నేనుంటా. బస్సుకు ఏమన్నా అయితే ఎవురుంటారు?"

షాహీన్ పుస్తకంలోంచి తల ఎత్తి, "నాయనా, నాకు ఒక్కటే కావాల. తొమ్మిది లోపల నేను ఆ గేటు లోపల ఉండాల. అంతే" అంది.

"ఎనిమిదికే నిన్ను గేటు ముందర నిలబెడ్తా. లోపలికి పోబుద్ధి గాక నువ్వే బయట కూచుంటావు."

షాహీన్‌కు ఇంకో చిన్న చిక్కు ఉంది. ఆ వారమే బంధువుల ఇంట్లో పెళ్లి జరిగింది. పదివేళ్లకూ ఎర్రటి గోళ్ల రంగు. గోళ్లకు రంగుంటే వేలిముద్ర మిషను తీసుకోదని, గేటు దగ్గరే వెనక్కి పంపుతారని స్నేహితురాలు వెన్నెల ఫోనులో చెప్పింది. గోళ్ల గురించి ఆలోచించే తీరిక ఆ రాత్రి లేదు. రంగు తీసే మందు సీసా సంచిలో వేసుకుంది. సెంటరు దగ్గర తుడుచుకోవచ్చు.

ఆమె చదువుకుంటుండగా రసూల్ బయట పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు శుక్రవారం కాదు, సోమవారమూ కాదు.

ప్రయాణం మాత్రం రాజఠీవిగా మొదలైంది. పొద్దున కిక్కు కొట్టడానికి రసూల్ నాలుగుసార్లు రాడ్డు మీద ఎక్కి నిలబడవలసి వచ్చింది. కొట్టిన ప్రతిసారీ రాడ్డును చేత్తో పైకి లాగాడు. దాన్ని అతను చల్లదనం మీదికి తోశాడు. బండి డుగుడుగుమంటూ బేస్తవారిపేట దాటింది. కంభం దగ్గర ముందుగా బయలుదేరిన మార్కాపురం బస్సు కనిపించింది. రసూల్ దాన్ని దాటి, వెనక్కి తల తిప్పకుండానే, "చూసినావా, మీ అమ్మ బస్సు" అన్నాడు. షాహీన్ ఏదో సూత్రం నోట్లో చదువుకుంటూ తల ఊపింది. ఎనిమిదికి చాలా టైముంది.

కంభం దాటి కొంతదూరం పోయాక రైలు గేటు పడి ఉంది.

రసూల్ ఇంజను ఆపాడు. గేటు పడితే ఇంజను ఆపాలి, పెట్రోలు ఊరికే తాగనియ్యకూడదు. జట్కా రోజుల్లో అతని తండ్రి కూడా గేటు దగ్గర గుర్రాన్ని విప్పి గడ్డి వేసేవాడు. గూడ్సు బండి వచ్చింది. ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేనంత పొడుగు. అది పోయేసరికి వాళ్ల వెనక ఆటోలు, ట్రాక్టరు, వాటి వెనక ఆ బస్సూ వచ్చి చేరాయి.

గేటు లేచింది. రసూల్ రాడ్డును లోపలికి నొక్కి, పైకి తిప్పి, బరువంతా వేసి కొట్టాడు. రాడ్డు నిదానంగా, ఏదో ఆలోచించుకుంటూ కిందికి పోయింది. ఇంజను ఒక దగ్గు దగ్గింది. రాడ్డు తిరిగి రాలేదు.

చేత్తో లాగాడు. సగం దాకా వచ్చి ఆగింది. పైకి రాదు, కిందికి పోదు.

వెనక హారన్లు మొదలయ్యాయి. తండ్రీ కూతురూ బండిని పక్కకు తోశారు. ఆటోలు పోయాయి. ట్రాక్టరు పోయింది. బస్సు వాళ్ల పక్కకు వచ్చి నెమ్మదించింది. మెట్ల మీద నిలబడిన కండక్టరమ్మ షాహీన్ చేతిలోని హాల్‌టికెట్టు చూసింది.

"పరీక్షకా అమ్మాయీ? గిద్దలూరే గదా. ఎక్కు. ఆడోళ్లకు టికెట్టు గూడా లేదు."

షాహీన్ బస్సు మెట్టు చూసింది. తండ్రిని చూసింది. రసూల్ రెండు చేతులతో రాడ్డు పట్టుకుని వంగి ఉన్నాడు. మెడ వెనక నరం లేచి కనిపిస్తోంది. తల ఎత్తకుండానే, "పోతే పో అమ్మా" అన్నాడు.

"వద్దులే అక్కా. ఇప్పుడే అయిపోతాది" అంది షాహీన్.

బస్సు పోయింది. దాని వెనక లేచిన దుమ్ము కూడా పోయింది.

"ఎందుకు ఎక్కలేదు?" అన్నాడు రసూల్.

"నువ్వు ఎక్కమనలేదు."

"పొమ్మని చెప్పినా గదా."

"కిక్కు రాడ్డుకు చెప్పినావు, నాకు కాదు."

ఆ ఉదయం అతను మొదటిసారి భయపడ్డాడు. బండికి ఏమన్నా అయితే నేనుంటానని అన్నవాడు తనే. బండికి అయింది, తనూ ఉన్నాడు. ఉండి ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

గేటు గదిలోంచి గేట్‌మన్ ఓబులేసు దిగి వచ్చాడు. రోజుకు ఎన్ని బండ్లు ఆపినా, ఆగిపోయిన బండి అతనికి అరుదు. చేతులు వెనక్కి కట్టుకుని రాడ్డును పరిశీలించాడు.

"ఏంది భాయ్, ఇరుక్కున్యాదా? తోసి స్టార్ట్ చేద్దాం పట్టు."

"తోయాలంటే గేరు పడాల గదన్నా. గేరుకు గూడా ఇదే రాడ్డు."

"ఒక్కడు సంపాదిస్తే ఇంటిల్లిపాదీ తినే సంసారం మాదిరి ఉందే నీ బండి. వాడు పడకేసినాడు, అంతే. సరే, పెట్రోలు పొయ్యి. తుప్పుకు పెట్రోలే మందు."

రసూల్ ట్యాంకు పైపు ఊడదీసి, మంచినీళ్ల సీసా మూతలోకి పెట్రోలు పట్టి, రాడ్డు మొదట్లో పోశాడు. ఆగి, లాగాడు. మళ్లీ పోశాడు. పెట్రోలు నల్లటి జిగురు మీద నుంచి తామరాకు మీది నీళ్లలా జారి నేల మీద పడింది. ఓబులేసు కూడా ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి లాగితే బండి పక్కకు ఒరిగింది గానీ రాడ్డు కదల్లేదు.

గదిలో ఫోను మోగింది. ఓబులేసు పోయి మాట్లాడి వచ్చాడు.

"ఇంకో బండి వస్తాంది. గేటు వేయాల. ఆ పక్కకన్నా తోసుకోండి, లేకుంటే ఈ పక్కనే ఉండిపోతారు."

బండిని పట్టాల మీదుగా అవతలికి తోశారు. వాళ్ల వెనక గేటు దిగింది. అప్పుడు షాహీన్‌కు ఒక సంగతి తట్టింది. మార్కాపురం వైపు నుంచి ఏ వాహనం వచ్చినా ఇప్పుడు గేటు అవతలే ఆగుతుంది. ముందున్న రోడ్డు మీద గిద్దలూరు దాకా తమను ఎక్కించుకునే వాళ్లు ఎవరూ లేరు. ఎదురుగా వచ్చే ఆటో ఒకటి కనిపించింది. చెయ్యెత్తింది. అందులో కంభం సంతకు పోయే మేకలు, వాటి యజమాని, ఆయన భుజం మీద ఇంకో మేకపిల్ల ఉన్నాయి. గేటు ముందర ఆగింది గానీ, వెనక్కి తిప్పడానికి ఆటోవాడు ఒప్పుకోలేదు.

ఎనిమిది దాటింది. షాహీన్ ఫోనులో టైము చూడటం మానేసింది.

ఓబులేసు ఎర్ర జెండా చంకలో పెట్టుకుని, మరో చేత్తో ఒక పెద్ద సుత్తి తెచ్చాడు. పట్టాల కీలు కొట్టే సుత్తి. "ఒక్క దెబ్బ. వస్తే వస్తాది" అన్నాడు.

రసూల్ సుత్తి అందుకున్నాడు. ఇన్నేళ్లుగా ఈకతో తప్ప తాకని చోటు. చెయ్యి పైకి లేపాడు.

"ఆగు నాయనా" అంది షాహీన్. "వస్తే వస్తాది. విరిగితే?"

ఆమె బండి పక్కన గొంతుక్కూర్చుంది. రాడ్డు మొదట్లోని నల్లటి జిగురును వేలితో గీకి, రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది. వేలికి పలక మీద బలపం అరిగినట్టు గరుకు తగిలింది.

"ఇది తుప్పు కాదు. ఆముదం. నీ ఫ్యాక్టరీ పొడి దాంట్లో కలిసి గట్టిపడింది. రాత్రి ఎంత పోసినావు?"

"కొంచెం."

"కొంచెమంటే?"

రసూల్ రైలు పట్టాల వైపు చూశాడు. "సీసాలో ఉన్నదంతా."

ఓబులేసు సుత్తి తిరిగి తీసుకున్నాడు. దాన్ని ఎవరి మీద వాడాలన్న ఆలోచన కూడా అతని ముఖంలో కాసేపు కదిలింది. "మోటారు బండికి ఆముదమేంది భాయ్? అదేమన్నా బాలెంతా?"

"మా నాయన జట్కాకు వేసేవాడు."

"జట్కా కిక్కు కొడితే పోయేదా?"

షాహీన్ వాళ్ల మాటలు వినడం లేదు. కళ్లు మూసుకుని ఉంది. పక్కన నిలబడ్డవాళ్లకు అది ప్రార్థన లాగా కనిపించింది. నిజానికి ఆమె పుస్తకంలో ఒక పేజీ వెతుక్కుంటోంది. నూనెలన్నీ పెట్రోల్లో కలుస్తాయి, ఆముదం మాత్రం సరిగా కలవదు. రాత్రి చదివిన వరుస అది.

"పెట్రోలు ఎంత పోసినా లాభం లేదు. ఆముదం దాంట్లో కరగదు" అంది.

"మరి దేంట్లో కరగతాది?" అన్నాడు రసూల్.

"ఆల్కహాల్లో."

ఓబులేసు రసూల్ వైపు చూశాడు. "మీరు ముట్టరు గదా భాయ్."

"ముట్టను."

"నేను డ్యూటీలో ముట్టను. దిగినాక ముడతా గానీ, ఇప్పుడు డ్యూటీలో ఉండా."

"ఎసిటోన్లో గూడా కరగతాది" అంది షాహీన్. అని, ఆగిపోయింది. చెయ్యి సంచి మీదికి పోయింది.

చిన్న సీసా. గోళ్ల రంగు తీసే మందు. అందులో ఉన్నది ఎసిటోనే. పదిగోళ్లకు సరిపోను ఉంది, అంతకు మించి లేదు.

ఆమె సీసానూ తన గోళ్లనూ మార్చి మార్చి చూసింది. గోళ్లు తుడుచుకుంటే బండి కదలదు. బండికి పోస్తే, గేటు దాకా పోయి ఎర్రటి గోళ్లతో నిలబడాలి. వేలిముద్ర పడకపోతే అక్కడి నుంచే తిరిగి రావాలి. ఏడేళ్లు.

రసూల్‌కు సంగతి అర్థమైంది. "వద్దమ్మా. ఉంచుకో. గేటు లేచినాక ఏదో ఒకటి వస్తాది, దాంట్లో నిన్ను ఎక్కిస్తా."

"రాకుంటే?"

ముందురోజు సాయంత్రం రసూల్ బస్సు గురించి అడిగిన ప్రశ్న అది.

షాహీన్ మూత తీసింది. ఘాటు వాసన ముగ్గురి ముక్కులకూ తగిలింది. రాడ్డు మొదట్లో చుట్టూ సన్నగా పోసింది. తల మీది ముసుగుకు పెట్టుకున్న పిన్ను ఊడదీసి, సందులో గుచ్చి గీకింది. నల్లటి ముద్ద మొదట మెత్తబడింది, తర్వాత సిరాలా కారింది. రసూల్ చొక్కా కొసతో తుడిచాడు. ఆమె పోసింది, అతను తుడిచాడు. మందు గాలికి ఆవిరవుతోంది. పోసిన దాంట్లో సగం జిగురుకు, సగం కంభం గాలికి.

"నాయనా, లాగొద్దు. మెల్లగా ఆడించు. నువ్వు శుక్రవారం ఆడిస్తావే, అట్ల."

రసూల్ రాడ్డును పసిపిల్ల కాలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అటు కొంచెం. ఇటు కొంచెం. వెనక రైలు వచ్చింది. నేల అదిరింది. ఆ అదురు బండిలోకి, బండిలోంచి అతని చేతుల్లోకి ఎక్కింది. సీసా తలకిందులు చేసి షాహీన్ ఆఖరి చుక్కలు రాల్చింది. ఇంక లేదు. రైలు పోతూనే ఉంది. రాడ్డు ఒక వేలెడు జరిగింది. ఆగింది. ఇంకో వేలెడు.

టక్కుమని శబ్దమైంది. రైలు చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. రసూల్ అరచేతికి మాత్రం తెలిసింది. రాడ్డు దానంతట అది పైకి వచ్చి, తన చోట నిలబడింది.

అతను నిలబడి కిక్కు కొట్టాడు. ఇంజను అందుకోలేదు. రాడ్డు మాత్రం తిరిగి వచ్చింది. రెండోసారి కొట్టాడు. తిరిగి వచ్చింది. ట్యాంకు పైపు ఊడదీసి అట్లాగే వదిలేసినట్టు ఓబులేసు వేలు చూపించాడు. పైపు పెట్టి, మూడోసారి కొట్టాడు. బండి ఒక పెద్ద నీలం పొగ వదిలి డుగుడుగుమంది.

"పోండి పోండి. మళ్లీ గేటు కాడ ఆపొద్దు" అన్నాడు ఓబులేసు, పచ్చ జెండా వాళ్ల వైపు ఊపుతూ. ఆ జెండా రైలుకు చూపించవలసింది.

గిద్దలూరు దాకా గేరు మార్చిన ప్రతిసారీ రసూల్ ఊపిరి బిగబట్టాడు. ఊళ్లోకి వచ్చాక గేదెలు అడ్డం వచ్చాయి, ఉల్లిగడ్డల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా రివర్సు తిరిగింది. రసూల్ ఇంజను ఆపకుండా బండిని కాలువ పక్క నుంచి నడిపించాడు. కాలేజీ కనిపించింది. గేటు ఒక రెక్క అప్పటికే మూసి ఉంది. రెండో రెక్కను ఒకాయన లాగుతున్నాడు.

షాహీన్ బండి పూర్తిగా ఆగకముందే దూకింది. ముసుగుకు పిన్ను లేదు, ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తింది. ఆమె లోపలికి పోయాక రెక్క మూసుకుంది. రసూల్ బండి మీదే కూర్చుని కమ్మీల సందులోంచి చూశాడు.

లోపల బల్ల దగ్గర ఒకామె హాల్‌టికెట్టు చూసింది. చెయ్యి చాపమంది. షాహీన్ చాపింది. పది ఎర్రటి గోళ్లు, వాటి చుట్టూ పలకల నల్లటి మరక. ఆమె ఆ చేతిని చూసింది. తల ఎత్తి షాహీన్ ముఖం చూసింది. మళ్లీ చేతిని చూసింది.

"చెయ్యి కడుక్కునిరా. మిషను మురికైతాది" అంది.

షాహీన్ కొళాయి దగ్గరికి పరుగెత్తి కడుక్కుని వచ్చింది. వేలు పెట్టింది. మిషను కూత పెట్టింది. గోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు అట్లాంటి నిబంధన ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. వెన్నెలకు ఎవరో చెప్పారట.

రసూల్ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ అవుతుందో లేదో. లోపల పరీక్ష జరుగుతోందని, ఆ డుగుడుగు అక్కడ వద్దని గేటు మనిషి కసిరాడు. రసూల్ ఊళ్లోకి పోయి, బస్టాండు, మార్కెట్టు, మళ్లీ బస్టాండు, అట్లా గిద్దలూరు చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. టీ అంగడి ముందు కూడా బండి దిగకుండానే గ్లాసు అందుకున్నాడు. చివరికి పెట్రోలు అయిపోయి బండి దానంతట అదే ఆగింది. బంకు దాకా తోసుకుపోయి, పోయించి, కళ్లు మూసుకుని కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. రాడ్డు తిరిగి వచ్చింది. అప్పుడు మాత్రం అతను కాసేపు రోడ్డు పక్కన కూర్చున్నాడు.

పరీక్షలో ఆముదం మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

అయినా షాహీన్‌కు ఉద్యోగం వచ్చింది. ఈ విజయానికి కారకులు ఎవరన్న దాని మీద ఆ ఇంట్లో మూడు సిద్ధాంతాలు పుట్టాయి. మూడోసారికే అందుకున్న బండి వల్లనే అని రసూల్ అన్నాడు. పెళ్లికి గోళ్ల రంగు వేయించింది తానేనని జహరాబీ గుర్తు చేసింది. కిక్కు ఇప్పి కడగమని తాను ముందే చెప్పానని, వింటే ఇంత కథ జరిగేదే కాదని జమీర్ అన్నాడు. జమీర్ మాట ఎవరూ పట్టించుకోలేదు. అయితే ఒక పూట బండిని అతని దగ్గర వదిలిపెట్టారు. ఇంజను విప్పి కడిగితే గుప్పెడు నల్లటి ముద్ద వచ్చింది. రసూల్ దాన్ని కాగితంలో పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఎందుకో చెప్పలేదు.

శుక్రవారం పీట ఇప్పటికీ వేస్తాడు. కోడి ఈక అదే. సీసాలో మాత్రం జమీర్ ఇచ్చిన మిషను నూనె ఉంటుంది. మూడు చుక్కలు వేస్తాడు. నాలుగోది వేయడు.

షాహీన్‌కు త్రిపురాంతకం దగ్గరి బళ్లో పోస్టింగు ఇచ్చారు. రోజూ పొద్దున బస్సులో పోయి, సాయంత్రం బస్సులో వస్తుంది.